పదకొండు నెలల సెలవు

మయూర్ విహార్ ఫేజ్ వన్‌లో ఒక గేటుకి 'టు లెట్' అని అట్ట వేలాడుతుంటే, ఇల్లు అద్దెకిస్తారు కాబోలనుకుని బెల్లు కొట్టాను. అది నా అమాయకత్వం. ఇల్లు ఇస్తామని ఆ అట్ట మీద ఎక్కడా లేదు.

ఆంటీజీ తలుపు సగం తీసి, గొలుసు తియ్యకుండానే విచారణ మొదలుపెట్టారు. "ఫ్యామిలీయా, బ్యాచిలరా?" ఫ్యామిలీ అన్నాను. "పిల్లలు?" ఒకడు. "గెంతుతాడా?" తొమ్మిదేళ్ళవాడు గెంతక ధ్యానం చేస్తాడా? లేదన్నాను. "సౌత్ వాళ్ళా? అయితే వెజిటేరియన్లే." దక్షిణాది వాళ్ళంతా ఇడ్లీ తిని, సాంబారు తాగి బతుకుతారని రాజధానిలో ఒక నమ్మకం. దాన్ని చెదరగొట్టడం ఇష్టం లేక నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు చూసి ఆవిడకి అనుమానం వచ్చింది. వేళ్ళు మడుస్తూ చెప్పడం మొదలుపెట్టారు. గుడ్డు కూడా నాట్ అలౌడ్. కుక్క నాట్ అలౌడ్. టెర్రస్ మీద బట్టలారెయ్యడం నాట్ అలౌడ్. రాత్రి పది దాటాక గేటు నాట్ అలౌడ్. చుట్టాలొస్తే రెండు రాత్రుల వరకూ అలౌడ్, మూడో రాత్రి నాట్ అలౌడ్. నెలకి ముప్ఫై రెండు వేలు మాత్రం ఏ అడ్డూ లేకుండా అలౌడ్. పదకొండు నెలలకోసారి పది శాతం పెంపు కూడా.

"నార్మల్ హై సర్జీ," అన్నాడు నా వెంట వచ్చిన బ్రోకర్, మెట్లు దిగుతూ. అతని వాటా ఒక నెల అద్దె. అదీ నార్మలే.

పోలీసు వెరిఫికేషన్‌కి గుర్తింపు కాగితం కావాలంటే ఆ రాత్రి బీరువాలోంచి పాస్‌పోర్టు తీశాను. లోపలి పేజీలో రాష్ట్రపతి పేరిట ప్రపంచ దేశాలన్నిటికీ ఒక విన్నపం ఉంటుంది. చేతిలో ఉన్నన్నాళ్ళూ ఎవరూ చదవరు. ఈ పుస్తకం పట్టుకున్న మనిషిని 'లెట్' గానీ ఆటంకం గానీ లేకుండా స్వేచ్ఛగా పోనివ్వండి, అలౌ చెయ్యండి అని దాని సారాంశం. అక్కడ నాకు జ్ఞానోదయమైంది. పాత ఇంగ్లిషులో ఈ 'లెట్'లు రెండు. ఒకటి పోనివ్వడం, ఇవ్వడం. రెండోది ఆపడం, అడ్డుపడటం. పుట్టుకతో వేరువేరు మాటలే, వాడగా వాడగా ఉచ్చారణలో కలిసిపోయి ఒకే ముఖంతో మిగిలాయి. పాస్‌పోర్టులో ఉన్నది అడ్డుపడే లెట్. టెన్నిస్‌లో సర్వీసు బంతి నెట్టుకి తగిలినప్పుడు అంపైర్ అనేదీ దాని చుట్టమే అంటారు. ఇంగ్లండులో ఆ లెట్ ఎప్పుడో మూలపడింది, ఈ ఒకటి రెండు చోట్ల తప్ప. మయూర్ విహార్‌లో గేటు గేటుకీ వేలాడుతోంది. 'టు లెట్': అడ్డుపడబడును. ఇన్నేళ్ళూ ఆ అట్టలో ఒక అక్షరం ఇరికించి మరుగుదొడ్డి చేసే కుర్రాళ్ళని విసుక్కున్నాను. వాళ్ళూ అర్థానికి మరీ దూరంగా ఏమీ లేరు.

'అలౌ' కథ ఇంకా వింత. లాటిన్‌లో పొగడటానికి ఒక మాట, చోటు కేటాయించడానికి ఒక మాట ఉంటే, ఫ్రెంచివాళ్ళు రెంటినీ కలిపేసి ఇంగ్లిషుకి అప్పగించారట. అంటే మనకి చోటు కావాలంటే పొగడాలి. ఈ వ్యుత్పత్తి మా బ్రోకర్‌కి ఏ నిఘంటువూ చూడకుండానే తెలుసు. తలుపు తియ్యగానే, "ఆంటీజీ, ఏం పెయింటింగు వేయించారండీ!" అన్నాడు.

మన భాషలో ఈ గందరగోళం లేదు. ఇల్లయితే అద్దె, తెలంగాణలో కిరాయి, సీమలో బాడుగ. పొలమైతే కౌలు. మామిడి తోటైతే గుత్త. ఇచ్చేవాడు అద్దెకిస్తాడు, పుచ్చుకునేవాడు అద్దెకుంటాడు. ఎవరు ఎటువైపున్నారో క్రియ చూస్తేనే తెలుస్తుంది. ఇంగ్లిషు రెంట్‌లో ఇద్దరూ రెంటే చేస్తారు. ఇక కౌలంటే అసలు అర్థం మాట. అరబ్బీ నుంచి వచ్చింది. ఇచ్చిన మాట మీద దున్నుకోమని ఇచ్చిన నేల. అలాంటి మాట మీద ఢిల్లీలో సైకిల్ కూడా ఇవ్వరు. ఇక్కడ నోటరీ కావాలి.

ఆ నోటరీ కాగితం పదకొండు నెలలకే ఎందుకు? పన్నెండో నెలలో ఇంటికేమైనా గండమా? గండం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది. ఏడాది దాటిన లీజుని రిజిస్టర్ చేయించాల్సిందే అంటుంది పదిహేడో సెక్షన్. రిజిస్టర్ చేస్తే స్టాంపు డ్యూటీ, కాగితం మీద అసలు అద్దె, ఆపైన ఇన్‌కం టాక్సు. అందుకని దేశమంతా సంవత్సరానికి పదకొండు నెలలే. మనవాళ్ళూ తక్కువ తినలేదు. కౌలు రైతుకి బ్యాంకు అప్పు ఇప్పించడానికి 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒక చట్టం తెచ్చి, కౌలుదారు అనే మాట వాడితే భూమి యజమానులు బెదురుతారని ఆ రైతుకి 'లైసెన్స్‌డ్ కల్టివేటర్' అని నామకరణం చేసింది. ఆటోకీ తుపాకీకీ ఇచ్చే లైసెన్సే, ఈసారి నాగలికి. 2019లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టంలోనూ గడువు పదకొండు నెలలే. గోదావరి గట్టున కౌలు రైతూ, యమున గట్టున నేనూ ఒకే పంచాంగం చూసుకుంటున్నాం. అందులో పన్నెండో నెల లేదు.

లైసెన్సుకీ లీజుకీ తేడా తేల్చింది కూడా మనవాడే. న్యూఢిల్లీ ఇంపీరియల్ హోటల్లో అతిథులు కోట్లు విప్పుకునే గదుల్లో ఒకాయన క్షౌరశాల నడిపేవాడు. 1949లో రాసుకున్న పత్రంలో లైసెన్సని పేరు పెట్టారు. అద్దె దగ్గర పేచీ వచ్చి వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. 1959లో తీర్పు. రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు గారు, కాగితానికి ఏం పేరు పెట్టారన్నది కాదు, లోపల ఏం ఇచ్చారన్నది చూడాలన్నారు. ఆ చోటు మీద హక్కు ఇస్తే లీజు; హక్కేమీ లేకుండా ఊరికే వాడుకోనిస్తే లైసెన్సు. కత్తెర పట్టినవాడికిచ్చింది లీజేనని తేల్చారు. ఇవాళ్టికీ ఈ తరహా పేచీల్లో వకీళ్ళు ముందు ఆ తీర్పే తీస్తారు. మా ఆంటీజీ పత్రాన్ని ఆయన ముందు పెట్టి ఉంటే ఏమనేవారో! గుడ్డు ఉడకబెట్టుకునే హక్కు లేని చోటు లీజా, లైసెన్సా, హాస్టలా?

యజమానుల బాధా లేకపోలేదు. 1958 నాటి ఢిల్లీ అద్దె నియంత్రణ చట్టం కింద ఒకసారి దూరినవాణ్ణి కదపడం బ్రహ్మతరం కాదు. కన్నాట్ ప్లేస్‌లో తాతల నాటి అద్దెకే మనవలు దుకాణాలు నడుపుతున్నారు. 1988లో సవరించి, నెలకి 3,500 రూపాయలు దాటిన అద్దెల్ని ఆ చట్టంలోంచి బయటికి పంపారు. అంత తక్కువకి ఇప్పుడు ఢిల్లీలో స్కూటర్ పెట్టుకునే చోటు దొరికితే గొప్ప. పాతదాని స్థానంలో 1995లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది, రాష్ట్రపతి సంతకం కూడా పడింది. వ్యాపారులు గోల చేస్తే అమలు తేదీ ప్రకటించడం మానేశారు. ముప్ఫై ఏళ్ళయింది. అద్దెదారుల చట్టానికే ఢిల్లీలో ఇల్లు దొరకలేదు.

ఆంటీజీ దగ్గర ఓడిపోయి నోయిడా వెళ్ళాం. అక్కడి సొసైటీలో ఓనర్ అంకుల్‌జీ, ఫ్లాట్ కొన్న గర్వం కుర్చీలో పట్టక లేచి నిలబడే మాట్లాడారు. "మేం ఓనర్లం. మా రూల్స్ మావి." ఆ నేల నోయిడా అథారిటీది. బిల్డర్‌కి తొంభై ఏళ్ళ లీజు. బిల్డర్ దగ్గర అంకుల్‌జీది సబ్‌లీజు. బిల్డర్ బాకీ తీర్చకపోవడంతో, ఆ ఊళ్ళో వేలమందికి లాగే ఈయనకీ రిజిస్ట్రీ కూడా కాలేదు. అంటే ఆయన అద్దెకున్న ఇంట్లో నేను అద్దెకుండటానికి ఆయన నన్ను అలౌ చేస్తున్నారు. మీ అథారిటీ వారు మిమ్మల్ని చేపలు వండుకోనిస్తారా అని అడగబోయాను. మా ఆవిడ నా కాలు తొక్కింది.

"ఏమండీ, నోరు మూసుకుని ఒప్పుకోండి. పన్నెండో ఇల్లిది."

ఒప్పుకున్నాను. కోర్టు బయట వేపచెట్టు కింద టైపు చేసేవాడి దగ్గరికి వెళ్ళాం. అతను నన్నూ అంకుల్‌జీనీ మార్చి మార్చి చూసి, కాగితం ఎక్కిస్తూ అడిగాడు. "రెంట్ అగ్రిమెంటా? లీవ్ అండ్ లైసెన్సా?"

'లీవ్' వినగానే అంకుల్‌జీ ముఖం వెలిగింది. లీవంటే ఖాళీ చెయ్యడమనుకున్నారు. నాకు మాత్రం మా ఊరి బడి గుర్తొచ్చింది. తమరు దయతో సెలవిప్పించవలెను అని రాసేవాళ్ళం. ఆ లీవూ ఈ సెలవూ ఒకటే: అనుమతి. సెలవు తీసుకుని వెళ్ళడం, సెలవివ్వమని అడగడం, పెద్దలు సెలవివ్వడం, అన్నీ ఒక్క మాటలోనే సర్దుకున్నాం మనం. ఇంగ్లిషువాడూ సరిగ్గా అలాగే సర్దుకున్నాడంటే ముచ్చటేసింది. ఈ ముచ్చట అక్కడ వినేవాళ్ళెవరూ లేరు గనక, టైపు చేసేవాణ్ణే అడిగాను.

"రెండింటికీ తేడా ఏంటి భాయ్‌సాబ్?"

అతను తలెత్తకుండానే చెప్పాడు. "యాభై రూపాయలు."