బీరువా పద్యం: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
ఇనుప బీరువాను నింటిలో నొక్కతె
జరుపబోయి తాను జరిగె గాని
జరుగదాయె నదియు, సరసన నొకరైన
చేయి వేయకున్న చెల్లదనియె.

అవతారిక: కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిది మా పాత మెదక్ జిల్లా కొల్చారం. మూలంలో లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. 2016 అక్టోబరులో సిద్దిపేట జిల్లా పుట్టేదాకా గజ్వేల్‌దీ అదే జిల్లా కనుక ఆ ఒట్టు నాకూ సగం వర్తిస్తుంది. మొదటి సగం. ఈ పద్యానికి మూలం మా చిన్నమ్మ. యాభై టీఎంసీల మల్లన్నసాగర్ కింద మునిగిన ఊళ్లలో ఒకటి ఆమెది. ఇప్పుడు గజ్వేల్ పక్కన, ముట్రాజ్‌పల్లి దగ్గరి పునరావాస కాలనీలో ఉంటుంది. చిన్నాయన లేడు. కొడుకు హైదరాబాదులో, కూతురు అంతకన్నా దూరంలో. పద్యం కట్టింది నేనే. కవీ వ్యాఖ్యాతా ఒకరే అయితే తప్పులు ఇంట్లోనే సర్దుకుంటాయి.

ఇనుప బీరువాను: బీరువా అచ్చ తెలుగు కాదు, ఫ్రెంచివాళ్ల బ్యూరో మన నోట్లో పడి సాగింది. గోద్రెజ్ వాళ్లు బొంబాయిలో ఇనుప బీరువాలు మొదలుపెట్టింది 1923లో. ఆ తర్వాత పక్క వీధి వెల్డింగు షెడ్డులో చేసినదాన్నీ మనం గోద్రెజ్ బీరువా అనే అంటున్నాం. దీన్ని లక్షణ అనవచ్చు. చిన్నమ్మది పెళ్లికి పెట్టిన బీరువా. ఊరు ఖాళీ చేసిన రోజు డీసీఎంలో, పరుపుల మధ్య పడుకోబెడితే వచ్చింది. 'ఇనుప' అన్న విశేషణం చాలదని నా అభిప్రాయం. బరువంతా రేకుది కాదు. లోపల పట్టుచీరలు, చిన్నాయన ధోవతులు, ఇత్తడి చెంబులు, లాకర్లో నీళ్ల కింద ఉన్న పొలానికి పాసుబుక్కు.

ఒక్కతె: ఇక్కడ సర్కారు నిఘంటువుతో పేచీ ఉంది. ఆసరా పింఛన్లలో 2017లో 'ఒంటరి మహిళ' అనే పద్దు చేరింది. మా చిన్నమ్మ పింఛను వితంతువుల పద్దులో వస్తుంది. కాబట్టి కాయితాల ప్రకారం ఆమె ఒంటరి కాదు. కవి కాయితాలు చూడలేదు, ఇల్లు చూశాడు.

జరుపబోయి: ఎందుకు జరపాలి? ఎవరో సిద్ధాంతి చూసి, బీరువా నైరుతి మూలన ఉత్తరం చూస్తూ ఉండాలన్నాడు. అప్పుడే కుబేరుడు తిరిగి చూస్తాడట. ఇన్నేళ్లూ తూర్పు గోడకు ఆనుకొని పడమర చూసింది కాబట్టే కొడుకు ఫోన్ చెయ్యడం లేదని చిన్నమ్మ తీర్మానించింది. ఆధారం బలహీనమే, కానీ వాదించే మనిషి ఇంట్లో లేడు.

తాను జరిగె: ఇదే పద్యానికి ప్రాణం. కొత్త ఇంట్లో నున్నటి టైల్స్. ఒంటికాలి మీద బలం వేసి నూకితే, బీరువా కాళ్లకూ నేలకూ ఉన్న పట్టు చిన్నమ్మ పాదాలకూ నేలకూ ఉన్న పట్టుకంటే ఎక్కువ. పట్టు తక్కువున్న వైపే కదులుతుంది. పైగా ఆమె భుజం ఎత్తులో నూకింది. పైన నూకితే బీరువా వాలుతుంది తప్ప జరగదు. నడుము కిందికి వంగి నూకాలి. ఆ వంగడం ఆమెతో కాదు.

జరుగు, జరుపు: 'జరుగు' అంటే కదలడం, ఒక సంగతి కావడం, పూట గడవడం కూడా. పెళ్లి జరుగుతుంది, బస్సులో మనిషి జరుగుతాడు, ఉన్నవాళ్లకు జరుగుబాటు ఉంటుంది. బస్సులో అనే "జర జరుగు" లో మొదటిది ఉర్దూ మాట, కొంచెం అని అర్థం. సంస్కృతంలో జర అంటే ముసలితనం. రెండూ కలిపి చదివితే, ముసలితనమా, పక్కకు తప్పుకో అని చిన్నమ్మ గద్దించినట్టు ధ్వనిస్తుంది. కవి ఇంత దూరం ఆలోచించలేదు. వ్యాఖ్యాతకు తీరిక ఎక్కువ.

సరసన నొకరైన: కొందరు 'ఆసరా కొకరైన' అని చదువుతారు. అర్థం బాగుంది గాని యతి చెడుతుంది. జకారానికి సకారంతో మైత్రి ఉంది, ఆసరాతో లేదు.

ఇక్కడ ఒక పూర్వపక్షం. ఒంటరిగా బీరువా జరపలేరా? జరపవచ్చు. లోపలి సామానంతా తీసి, గడ్డపారతో ఒక వైపు లేపి, కాళ్ల కింద మడతపెట్టిన చెద్దరు దూర్చి, చెద్దరును గుంజితే టైల్స్ మీద పిల్లలా వస్తుంది. నేనూ ఫోన్లో అదే చెప్పాను. చిన్నమ్మ సమాధానం: "గడ్డపార తొక్కి పట్టేటోళ్లు ఒకరు, చెద్దరు దూర్చేటోళ్లు ఒకరు గావాలె బిడ్డా. నాకున్నయి రెండే చేతులు, రెండూ గడ్డపార మీదనే ఉన్నయి." పూర్వపక్షం అక్కడే వీగిపోయింది. పక్కింటోళ్లను పిలవొచ్చు కదా అన్నాను. పాత ఊళ్లో వాకిట్లో నిలబడి ఒక్క కేక వేస్తే నలుగురు వచ్చేవాళ్లట. ఇక్కడా పక్కింటోళ్లు మంచోళ్లే, కానీ పొద్దున పనికి పోతే దీపాలు పెట్టినంక వస్తారు. అప్పుడు పిలవడానికి ఆమెకు మనసొప్పదు.

చెల్లదనియె: కర్త ఎవరు? బీరువా అనిందా, చిన్నమ్మ అనిందా? వ్యాకరణం రెండింటికీ ఒప్పుకుంటుంది.

తాత్పర్యం: ఆదివారం నేనూ, ఎదురింటి పిల్లలు ఇద్దరూ కలిసి పది నిమిషాల్లో జరిపాం. పాత జాగాలో బీరువా ఆకారంలోనే దుమ్ము, ఒక పిన్నీసు, తిరగబడిన ఒక రూపాయి బిళ్ల కనిపించాయి. పిల్లలకు బెల్లం చాయ్ పోసి, చిన్నమ్మ కొత్త జాగాలో బీరువాను తేరిపార చూసింది. ఫ్యాను వేద్దామని గోడ మీద చెయ్యి తడిమింది. స్విచ్చుబోర్డు బీరువా వెనక ఉంది.

"మల్లెప్పుడొస్తవ్ కొడుకా?" అంది.