హుజూర్ కుబర్నెటీస్ వారి దివ్య సముఖానికి

అఖిలాండకోటి కంటైనర్ల నాయకా, వర్చువల్ మెషీన్ల మూపుల మీద పల్లకీ ఎక్కి ఊరేగే మహారాజా, రెప్ప వేసి తెరిచేలోగా కంటైనర్లు కాపురముండే పాడ్లను పుట్టించి, పడగొట్టి, మళ్లీ పుట్టించే సృష్టిస్థితిలయ కారకా, హుజూర్ కుబర్నెటీస్ వారికి సలాములు, సాష్టాంగ ప్రణామాలు. చార్మినార్ పక్కన లాడ్‌బజార్‌లో, 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన లక్కగాజులు అమ్ముకునే ఒక చిన్న కొట్టు వెబ్‌సైటును సైతం తమ ఏలుబడిలో చేర్చుకున్న అపార కృపకు, ఆ కొట్టు కంప్యూటర్ పనులు చూసే ఈ శాలిబండ వాసి ఏమిచ్చి రుణం తీర్చుకోగలడు? తమరు పుట్టింది మామూలు ఇంట కాదు. వారానికి 200 కోట్లకు పైగా కంటైనర్లు మొదలుపెడతామని 2014లోనే చాటుకున్న గూగుల్ గర్భాన జన్మించి, ఆ ఏడే లోకానికి దర్శనమిచ్చి, 2015 జూలైలో 1.0గా పట్టాభిషిక్తులై, రోజుకు వేళ్ల మీద లెక్కపెట్టే ఆర్డర్లు వచ్చే గాజుల కొట్టుకు విచ్చేశారు. అంతటివారు ఇంతటి గుమ్మం తొక్కితే గుమ్మాన్ని పెద్దది చేయించాలి గానీ, తమరిని వంగమనడం మర్యాద కాదు.

తమ రాకకు ముందు ఆ కొట్టు భారమంతా ఒకే ఒక వర్చువల్ మెషీన్ మోసేది. పాపం, దానికి దర్జా అంటే ఏమిటో తెలియదు. ఐబీఎం వారు 1972లో వీఎం/370 ప్రకటించిన కాలం నుంచీ ఆ వంశానికి ఒకటే పని: పెద్ద యంత్రంలో తన వాటాకు వచ్చిన గదిలో తన ఆపరేటింగ్ సిస్టమ్ తాను వేసుకుని, గోడ దాటకుండా, నోరెత్తకుండా పడి ఉండడం. ఏళ్ల తరబడి అది ఉందన్న సంగతే ఎవరికీ గుర్తుండేది కాదు. కనబడని నౌకరు వల్ల యజమానికి ఏం పరువు? తమరు వచ్చీ రాగానే ఆ అపకీర్తిని తుడిచేశారు. గాజుల బొమ్మలు చూపడానికి ఒక కంటైనర్, సైజులు చెప్పడానికి ఒకటి, బుట్టలో వేయడానికి ఒకటి, డబ్బు పుచ్చుకోవడానికి ఒకటి, అవి ఒకదాన్నొకటి పలకరించుకోవడానికి మధ్యవర్తులు, వాటి మాటలు రాసిపెట్టే లేఖకులు, వాటి నాడి పట్టి చూసే హకీములు, ఆ హకీముల నాడి చూసే హకీములు. ఇప్పుడు కొట్టులో గాజుల కన్నా పాడ్ల ప్రస్తావనే ఎక్కువ. సేఠ్ గారు కూడా పొద్దున్నే గల్లా తెరవకముందే "ఏం భాయ్, పాడ్లు బాగున్నాయా?" అని కుశలమడుగుతున్నారు.

అంతకన్నా మెచ్చవలసింది తమ విశాల హృదయం. వర్చువల్ మెషీన్ బరువైనదనీ, దాని రోజులు చెల్లిపోయాయనీ తమ వందిమాగధులు వీధివీధినా చాటింపు వేశారు. తీరా లోపలికి తొంగి చూస్తే, మా కొట్టులో తమరు కొలువుదీరిన నోడ్లన్నీ వర్చువల్ మెషీన్లే. ఒకటి పడిపోతే తక్కినవి ఆదుకోవాలన్న దూరదృష్టితో ఒకటి పోయిన చోట మూడు వచ్చాయి. అది చాలదన్నట్టు, కుబ్‌వర్ట్ అనే సాధనంతో అదే వర్చువల్ మెషీన్‌ను పాడ్ లోపలికి పిలిచి ఆసనం వేసే ఏర్పాటు కూడా తమ రాజ్యంలో ఉంది. మెషీన్ భుజాన తమరు, తమ ఒడిలో మెషీన్. ఎవరు ఎవరిని మోస్తున్నారో తేల్చలేని ఇంతటి అద్వైతాన్ని సాధించి కూడా, అద్దె మాత్రం ఎవరికి వారికి విడివిడిగా కట్టుకునే ద్వైతభాగ్యం మాకు మిగిల్చారు.

పాతబస్తీకి ఇలాంటి రాజసం కొత్త కాదు. పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా బీరువాల వరుస ఉంది, 176 అడుగుల పొడవని చెబుతారు. ఒకసారి తొడిగిన బట్ట ఆయన మళ్లీ తొడిగేవారు కాదనీ చెప్పుకుంటారు. తమ కంటైనర్లదీ అదే దర్జా. చిరిగితే కుట్టరు, మాసితే ఉతకరు. విడిచిపారేసి, ఇమేజ్ నుంచి కొత్తది తీసి తొడుక్కుంటారు. రంజాన్‌కు ముందు కొత్త డిజైన్ల ఫొటోలన్నీ సేఠ్ గారి అబ్బాయి రాత్రంతా కూర్చుని తీసి ఎక్కించాడు. అవి వాల్యూమ్‌లోకి కాక కంటైనర్ సొంత పొరలోకి చేరాయి. తెల్లారేసరికి తమరు ఆ పాడ్‌ను తీసేసి ఇంకో నోడ్ మీద కొత్తది నిలబెట్టారు. విడిచిన బట్టతోపాటు జేబులోని ఫొటోలూ వెళ్లిపోయాయి. ఏదీ శాశ్వతం కాదని ఇంట్లో పెద్దలు ఎన్నేళ్లు చెప్పినా తలకెక్కని పాఠం, ఆ కుర్రాడికి ఒక్క రాత్రిలో ఎక్కించారు. గురుదక్షిణ కూడా నెలాఖరు బిల్లులోనే కలుపుకున్నారు.

ఇక రంజాన్ చివరి రోజుల్లో తమరు చూపిన ఓర్పును వర్ణించడానికి ఆదిశేషుడి నాలుకలు కూడా చాలవు. మదీనా చౌరస్తా నుంచి శాలిబండ దాకా ఇసుక వేస్తే రాలని జనం. తెల్లవారుజాము దాకా వెలిగే దుకాణాలు. సరిగ్గా ఆ ఘడియలో డబ్బు పుచ్చుకునే పాడ్ కూలిపోయింది. కంగారు మనుషులైతే ఆగకుండా లేపుతూనే ఉండేవారు. తమరు 10 సెకన్లు ఆగి లేపారు, అది పడింది. 20 ఆగి లేపారు, పడింది. 40, 80, 160. ఆ పైన ప్రతిసారీ నిండుగా అయిదు నిమిషాలు. పడినకొద్దీ విశ్రాంతి పెంచే ఇంత తల్లిమనసు ఏ పాదుషాకు ఉంది? ఆ విశ్రాంతికి క్రాష్‌లూప్‌బ్యాక్ఆఫ్ అనే బిరుదు కూడా తగిలించి తెర మీద ప్రదర్శించారు. ఎందుకు పడిందని విన్నవించుకుంటే, 137 అని సెలవిచ్చారు. మూడంకెల్లో మహాభాష్యం! ఇచ్చిన మెమరీ హద్దు దాటితే కెర్నెల్ తల తీసేస్తుందనీ, 128కి తొమ్మిదో నంబరు సిగ్నల్‌ను కలిపితే ఆ అంకె వస్తుందనీ పండితులు విప్పి చెప్పేసరికి సహరీ సైరన్ మోగింది. ఆ హద్దు ఎంత ఉండాలన్నది భక్తుడి అనుభవానికే వదిలేయడం తమ ఔదార్యం.

ఆలోగా సేఠ్ గారి అబ్బాయి ఏం చేశాడో చెప్పడానికి సిగ్గుగా ఉంది. వాట్సాప్‌లో గాజుల ఫొటోలు పంపి, ఫోన్‌పేలో డబ్బు తీసుకుని, డబ్బాలు కట్టి ఆటోల్లో పంపించేశాడు. ఒక్క రెప్లికా లేదు, లోడ్ బ్యాలెన్సర్ లేదు, నాడి చూసే హకీము లేడు. ఇంత నాటుగా జరిగినదాన్ని వ్యాపారమని ఎలా అంటాం? సేఠ్ గారు మాత్రం అంటున్నారు.

తమ ఆజ్ఞాపత్రాల భాష యామెల్. రాజభాష అంటే అలాగే ఉండాలి: రాసినదానికన్నా రాయకుండా వదిలిన ఖాళీకి విలువెక్కువ. రెండు స్పేస్‌లు పక్కకు జరిగితే అర్థం మారిపోతుంది, వరుసను ట్యాబ్‌తో జరిపితే పత్రమే చెల్లదు. లాడ్‌బజార్‌లో గాజుల సైజును 2:4, 2:6, 2:8 అని రాస్తారు. రెండంగుళాల మీద పదహారో వంతులు ఎన్ని అన్నది లెక్క. కోట్స్ పెట్టకుండా 2:4 అని కేటలాగ్ ఫైల్లో రాస్తే, యామెల్ 1.1 పాఠాన్ని అనుసరించే పైథాన్ లైబ్రరీ దాన్ని గడియారపు లెక్కన చదివి, రెండు అరవైలు నూట ఇరవై, పైన నాలుగు, వెరసి 124 అని తేల్చింది. ఆ సైజు గాజు పట్టే చెయ్యి పాతబస్తీలో ఇంకా పుట్టలేదు, తప్పు చేతిదే. తమ సొంత గో భాష పార్సరు ఈ అరవై లెక్కను ఒప్పుకోదని విన్నాను. ఒకే రాతకు కొలువులో ఒక అర్థం, వాకిట్లో మరో అర్థం ఉండడం దర్బారీ నాగరికతకు పరాకాష్ఠ.

రహస్యరక్షణలోనూ తమరికి సాటి లేరు. పాస్‌వర్డును బేస్64లో తిప్పి రాసి, దానికి సీక్రెట్ అని పేరు పెడతారు. ఒకే ఒక్క కమాండ్‌తో దాన్ని ఎవరైనా విప్పి చదవవచ్చు, నిజమే. కానీ ఆ కమాండ్ టైపు చేయాలి కదా, దొంగకు ఆ మాత్రం శ్రమ కలిగించారు.

క్లౌడ్ అంటే మబ్బుల్లో ఉంటుందనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. అమెజాన్ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో మూడు అవైలబిలిటీ జోన్లతో మొదలైంది. వాటికి చోటిచ్చినవిగా ప్రకటించిన ప్రాంతాలు చందనవెల్లి, ఫ్యాబ్ సిటీ, ఫార్మా సిటీ. శాలిబండ నుంచి చాంద్రాయణగుట్ట, పహాడీ షరీఫ్ దాటి శ్రీశైలం రోడ్డు పడితే ఫ్యాబ్ సిటీ వైపే వెళ్తాం. మా కొట్టు ఏ మబ్బులో ఉందో ఇక్కడ చెప్పను గానీ, ఆ మబ్బులో టెస్ట్-ఫైనల్-2 అనే వర్చువల్ మెషీన్ ఒకటి ఉంది. ఎప్పుడో ఆపేశారు. ఎవరు పెట్టారో తెలియదు, తీసేస్తే ఏం కూలుతుందో అంతకన్నా తెలియదు, కనుక ఎవరూ ముట్టుకోరు. మెషీన్‌కు కూలి ఆగింది, దాని డిస్కుకు అద్దె ఆగలేదు. కొట్టులో జీతాలు ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయినా, ఆ అద్దె మాత్రం తిథి తప్పదు.

తమరు ఏడాదికి మూడుసార్లు కొత్త అవతారం ఎత్తుతారు, ఒక్కో అవతారానికి దాదాపు 14 నెలల ఆయుష్షు. 2022లో 1.24 అవతారాన డాకర్‌షిమ్‌ను సాగనంపారు. అదే ఏడు 1.25లో పాడ్ సెక్యూరిటీ పాలసీకి సెలవిచ్చారు. నేర్చుకున్నది మరిచి మళ్లీ అఆల నుంచి దిద్దుకునే నిత్యబాల్యాన్ని సేవకులకు ప్రసాదించే ప్రభువులు చరిత్రలో అరుదు. మొన్న తమ కొలువు నుంచి ఇంకో తాఖీదు అందింది: కొట్టు వాడుతున్న వెర్షన్ గడువు బక్రీద్ లోపే తీరుతుంది, పాత పత్రాల్లో కొన్ని ఇక చెల్లవు. సేఠ్ గారికి చదివి వినిపించాను. ఆయన ఆసాంతం విని, కొత్త వెర్షన్‌లో గాజులు ఎక్కువ అమ్ముడవుతాయా అని అడిగారు. హుజూర్ వారి దర్బారులో అలాంటి చవకబారు ప్రశ్నలు అడగరని నచ్చజెప్పి, ఆ రాత్రికే అప్‌గ్రేడ్‌కు ముహూర్తం పెట్టించాను.