సాక్చి పర్చీ మొర

నేను ఆసుపత్రి చీటీని, నన్ను పర్చీ అంటారు. ఓపీ కౌంటరు దగ్గర పుట్టి, నాలుగు మడతలు పడి, అమ్మల కొంగుముళ్లలోనో పాలిథిన్ కవర్లలోనో బతికి, చెమటకు సిరా అలుక్కుపోయి కాలం చేసే జాతి మాది. సాక్చిలో మాకు కొదవ లేదు. జంషెడ్‌పూర్ అని 1919లో పేరు పెట్టకముందు కార్ఖానా వెలిసిన పల్లె ఇదే. ఈ ఊళ్లో కొలిమి నుంచి దిగే ప్రతి విడత ఉక్కుకీ ఓ నంబరుంటుంది, అందులో కార్బనెంతో మాంగనీసెంతో లెక్క ఉంటుంది. అదే ఊళ్లో చిన్నపిల్ల మోకాలి వాపు చరిత్ర మాత్రం నా మడతల్లో నలుగుతోంది. కాగితం కడుపున పుట్టినదాన్నే అయినా కంప్యూటర్ రికార్డు తరఫునే వాదిస్తాను.

పిల్లలకు కీళ్లవాతమేమిటి అనేవాళ్లు ఇంకా ఉన్నారు. 16 ఏళ్లలోపు మొదలై, ఆరు వారాలైనా కీలు వాపు పోక, వేరే కారణం దొరక్కపోతే దాన్ని జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్ అంటారు. పొద్దున లేవగానే బిగుసుకుపోయిన పిల్ల, ఎండెక్కేసరికి ఆడుకుంటూ ఉంటుంది. పదకొండింటికి చూసిన డాక్టరు నా మీద ‘కాస్త నయం’ అని రాస్తారు. దేనికంటే నయం? పోయిన నెల పర్చీ ఇంట్లో ఉండిపోయింది. అంతకు ముందుది విశాఖలోనో వెల్లూరులోనో రాయించుకున్నది. అసలు ప్రమాదం కంటిది. ఈ జబ్బులో వచ్చే యువియైటిస్ అనే కంటి లోపలి వాపుకు తరచు ఎరుపూ ఉండదు, నొప్పీ ఉండదు. కొద్ది కీళ్లకే జబ్బు సోకి, ఏఎన్ఏ రక్తపరీక్ష పాజిటివ్ వచ్చిన చిన్నపిల్లలకు మూడు నెలలకోసారి స్లిట్ ల్యాంప్ కింద కన్ను చూడాలి. పిల్ల ఫిర్యాదు చెయ్యదు, నేను గుర్తు చెయ్యలేను.

కంప్యూటర్ రికార్డు బలం అందంగా అచ్చువెయ్యడంలో లేదు. ప్రతిసారీ ఒకే సంగతుల్ని ఒకే తీరున అడగడంలో ఉంది. జబ్బు తీవ్రతను చూపడానికి 2009లో వచ్చిన జాడాస్ కొలతలో డాక్టరు అంచనా, తల్లిదండ్రుల అంచనా, జబ్బు చురుగ్గా ఉన్న కీళ్ల లెక్క, వాపును పట్టిచ్చే ఈఎస్ఆర్ రక్తపరీక్ష కలుపుతారు. పది కీళ్ల రకంలో గరిష్ఠం 40. పోయిన నెల 18, ఈ నెల 17 అయితే ‘కాస్త నయం’ అని సరిపెట్టుకోకుండా మందు మార్చాలా అని ఆలోచిస్తారు. 2011లో మొదలైన పీఆర్-కాయిన్ అనే ఉత్తర అమెరికా ఆసుపత్రుల కూటమి ఇలాంటి రికార్డులనే కలిపి చూసుకుంటుంది. కీళ్లు లెక్కపెట్టారా, కంటి పరీక్ష అయిందా, ఈ జబ్బుకిచ్చే మెథోట్రెక్సేట్ మందు వాడే పిల్లలకు కాలేయ పరీక్ష చేశారా అని. నాకు మరీ అసూయ కలిగించేది ఒకటుంది: ఈ నెల రావాల్సి రాని పిల్లల జాబితా. నేను వచ్చినవాళ్ల చేతిలోనే ఉంటాను కదా!

డాక్టరు తెర వంకే చూస్తూ పిల్ల ముఖం చూడరంటారు. నిజమే, ఓపీ రద్దీలో ఇరవై గళ్లు నింపమంటే ఎవరూ నింపరు. అందుకే నాలుగైదు గళ్లు చాలు, తల్లి చెప్పాల్సింది వరండాలోనే నర్సమ్మ ఎక్కించవచ్చు. మందులకే డబ్బుల్లేకపోతే రికార్డులెందుకని మరో మాట. ఖరీదైన ఇంజెక్షన్ల సంగతి వేరు. మెథోట్రెక్సేట్ చవక మందే, కాని వారానికొక్కసారి వెయ్యాల్సింది రోజూ వేస్తే ప్రాణాల మీదికొస్తుంది. ఆ పొరపాటును ఆపడానికి ఓ హెచ్చరిక చాలు. అన్నిట్లోకీ బరువైన అభ్యంతరం ఆడపిల్ల జబ్బు నలుగురికీ తెలిస్తే రేపు పెళ్లెలా అన్నది. దీన్ని తేలిగ్గా కొట్టెయ్యను. 2023 నాటి డేటా రక్షణ చట్టం పిల్లల సమాచారానికి సాధారణంగా తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లోనూ 14 అంకెల ఆభా ఆరోగ్య ఖాతా నంబరు తీసుకోవడం ఇష్టాన్ని బట్టే, రికార్డు ఒకచోటి నుంచి మరోచోటికి పోవాలంటే మీరు సరేననాలి. ఆ సరే అనే ముందు ఏం అడుగుతున్నారో మీ భాషలో చెప్పించుకునే హక్కు మీది. నా సంగతంటారా, బస్సులో పడిపోతే ఎవరైనా విప్పి చదువుకోవచ్చు.

కంప్యూటర్ రికార్డు వచ్చేదాకా అమ్మలకో మనవి. నన్ను ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. మెథోట్రెక్సేట్ వారంలో ఏ రోజు వెయ్యాలో, ఆదివారమో బుధవారమో, నా మీద రాయించుకోండి. కంటి పరీక్ష తేదీ అడగందే గది దాటకండి.