గేరు రాయుడు

గేరు రాయుడికి దురాశ అని వాళ్లమ్మ అనుకుంటుంది, ఆటలో అతని జట్టైన గిల్డులో వాళ్లూ అనుకుంటారు. పాపం, అతనిలో లేనిది అదొక్కటే. కావలి నుంచి తడ దాకా హైవేకి తూర్పున ఉన్న ఊళ్లలో ఇతన్ని గుర్తుపట్టడం తేలిక. ఊరు పడుకునే వేళకి ఫోను ఛార్జర్‌కి తగిలించి, గోడకి ఆనుకుని, ఆన్‌లైన్ గేములో అదే గుహలోకి, అదే దోవన, అదే రాక్షసుణ్ణి చంపడానికి వెళ్తుంటాడు. ఆ రాక్షసుడికి ఒక కథ ఉంది. ఒకప్పుడు రాజ్యం ఏలినవాడు, శాపం తగిలినవాడు, ఆలిని పోగొట్టుకున్నవాడు. రచయితలు కూర్చుని రాశారు, సంగీతం వాళ్లు వయొలిన్లు పెట్టి ఏడిపించారు. రాయుడు ఆ మాటలన్నిటినీ బొటనవేలితో టకటకా నొక్కి దాటేస్తాడు. అతనికి కావలసింది గేరు, అంటే ఒంటికి తగిలించుకునే సామాను. ఆ రాక్షసుడి కిరీటం; అదీ నిన్నటి కిరీటం కంటే క్రిటికల్ రేటు మూడు శాతం ఎక్కువున్నది. “అన్నం చల్లారిపోతుండాది రా” అని వంటింట్లోంచి కేక వస్తే, “ఇంకొక్క డంజన్ మా, వస్తుండా” అంటాడు. గేములో అతను ఆర్నెల్లుగా కాపురం ఉంటున్న ఊరికి సముద్రం ఉంది, రేవు ఉంది, పేరు కూడా ఉంది. ఆ పేరు అడిగితే నీళ్లు నములుతాడు. తన కత్తి దెబ్బ ఎంతో మాత్రం దశాంశ స్థానంతో సహా చెబుతాడు.

ఇతనికి ఎదురు జాతివాడు దేశదిమ్మరి. మొదటి రోజు ఊరికే ఇచ్చిన కత్తితోనే కొండలెక్కుతుంటాడు. ఎక్కాక పైన ఏమీ లేకపోతే మరీ సంతోషిస్తాడు. ఈ ఇద్దరి తగువు స్మార్ట్‌ఫోను కంటే, చాలామంది రాయుళ్ల తండ్రుల పెళ్లిళ్ల కంటే పాతది. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ కలిసి మడ్ అనే ఆట కట్టారు. అందులో ఒక్క బొమ్మ లేదు, అంతా అక్షరాలే. ఆడేవాళ్లని ఏళ్ల తరబడి చూసిన బార్టిల్, 1996లో ఒక వ్యాసం రాసి వాళ్లని పేకముక్కల లెక్కన నాలుగు జాతులు చేశాడు. సాధించేవాళ్లు డైమన్లు, తవ్వుకుంటూ తిరిగేవాళ్లు ఇస్పేట్లు, కబుర్లకి వచ్చేవాళ్లు ఆఠీన్లు, పక్కవాణ్ణి కొట్టడానికి వచ్చేవాళ్లు కళావర్లు. డైమన్ల దృష్టిలో ఇస్పేట్లు ఆట చేతగాక ఊళ్లు తిరిగేవాళ్లు. ఇస్పేట్ల దృష్టిలో డైమన్లు ఇంకా ఎదగని ఇస్పేట్లు, ఎప్పటికైనా బుద్ధి తెచ్చుకుని తిరగడం మొదలెడతారు. ఆ పరస్పర జాలి ఇప్పటికీ తగ్గలేదు.

మన వైపుకి ఈ తగువు చేరిన పద్ధతి ముచ్చటగా ఉంటుంది. 2020 సెప్టెంబరు మొదట్లో కేంద్ర ప్రభుత్వం పబ్జీని నిషేధించింది. అదే నెల చివర్లో గెన్‌షిన్ ఇంపాక్ట్ అనే రోల్ ప్లేయింగ్ గేము పైసా అడక్కుండా ఫోన్లలోకి దిగింది. పబ్జీలో ఎంత మొనగాడైనా ప్రతి ఆటలోనూ వట్టి చేతులతో దూకాల్సిందే. ఏరుకున్న తుపాకీ ఆ అరగంటకే. రోల్ ప్లేయింగ్ గేము అలా కాదు, అది ఖాతా పుస్తకం. నిన్నటి నిల్వ ఈరోజుకి వస్తుంది, ఈరోజుది రేపటికి. గెన్‌షిన్‌లో రెజిన్ అనే సరుకు ఎనిమిది నిమిషాలకి ఒకటి చొప్పున ఊరుతుంది, అంటే రోజుకి 180. గుహకి ఒకసారి వెళ్లొస్తే 20 ఖర్చు. రోజుకి తొమ్మిది ప్రయాణాలన్నమాట. కుండ నిండితే ఊట ఆగిపోతుంది. ఆగిపోయిన ఆ ఊటని తలుచుకుని రాయుడికి నిద్ర పట్టదు. అలారం పెట్టుకుని లేచి మరీ ఖర్చు పెడతాడు. పొదుపు నేర్పడానికి పెద్దవాళ్లు తంటాలు పడుతున్న కుర్రాడికి, ఖర్చు పెట్టడంలో ఇంత క్రమశిక్షణ నేర్పిన కంపెనీని మెచ్చుకోకుండా ఉండలేం.

దురాశ లేదన్నానే, దానికి సాక్ష్యం చూపించాలి. ఆశపోతు దాచుకుంటాడు. రాయుడు నిన్న చెమటోడ్చి తెచ్చిన కవచాన్ని ఇవాళ కొత్త కవచానికి మేతగా వేసేస్తాడు. ఇంతకంటే పెద్ద సాక్ష్యం వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ చరిత్రలో ఉంది. 2004 నవంబరులో వచ్చిన ఆ ఆటలో పెద్ద రెయిడ్ అంటే నలభై మంది ఒకే వేళకి కూడాలి; ఒకడి ఇంట్లో కరెంటు పోతే ముప్పైతొమ్మిది మంది కూర్చుని ఎదురు చూడాలి. అలా రెండేళ్లు రాత్రుళ్లు తగలేసి ఊదారంగు పేర్లున్న మేలిరకం ఆయుధాలు సంపాదించారు. 2007 జనవరిలో కొత్త ఖండం తెరుచుకుంది. అక్కడ అడుగు పెట్టగానే దొరికే చిన్నాచితకా పనులకి కూలిగా ఇచ్చిన ఆకుపచ్చ పేర్ల మామూలు వస్తువులు, ఆ ఊదా ఆయుధాల్లో చాలావాటిని మించిపోయాయి. ఆస్తి మీద ప్రేమ ఉన్నవాడైతే ఆ వారం గుండె పగిలి చావాలి. రాయుడు రెండు రోజులు గొణిగాడు, మూడోరోజు ఊదా కత్తిని అమ్మేసి మళ్లీ మొదటి మెట్టు దగ్గర నిలబడ్డాడు. 2014 నాటికి అంకెలు మరీ ఉబ్బిపోయాయని కంపెనీయే అందరి అంకెల్నీ ఒక్క దెబ్బకి కుదించింది. లక్షల్లో ఉన్న ప్రాణబలం వేలల్లోకి దిగింది, ఎవడి స్థానం మాత్రం వాడిదే. రాయుడు దాన్ని కూడా ఓర్చుకున్నాడు. అంకె ఎంతైతేనేం, పక్కవాడి కంటే తనది ఎక్కువుంటే చాలు.

కాబట్టి అతనికి కత్తి మీద మోజు లేదు, మార్కుల మీద ఉంది. 2009 ప్రాంతంలో అదే ఆటకి గేర్‌స్కోర్ అని ఒక చిన్న ఉపకరణం వచ్చింది. ఒంటి మీదున్న సామాను మొత్తాన్ని కలిపి ఒక్క అంకెగా చెబుతుంది. దాన్ని కంపెనీ చెయ్యలేదు, ఆటగాళ్లే చేసుకున్నారు! కొద్ది రోజుల్లోనే ఆ అంకె చూడకుండా ఎవరూ ఎవర్నీ జట్టులో చేర్చుకోని పరిస్థితి వచ్చింది. అడవులు, సముద్రాలు, ఎగిరే వాహనాలు ఉన్న లోకంలోకి తీసుకెళ్లి స్వేచ్ఛగా వదిలేస్తే, మనిషి మొదట కట్టుకున్నది పరీక్ష హాలు.

నెల్లూరు సీమ కుర్రాడు దీనికి ఆశ్చర్యపోడు. 1979లో నెల్లూరులోనే లెక్కల ట్యూషన్‌గా మొదలైన నారాయణ విద్యాసంస్థ ఎంత పెద్దదయిందో చెప్పక్కర్లేదు. ఫలితాల సీజనులో ఏ కాలేజీ హోర్డింగు చూసినా పిల్లల మొహాల కంటే ర్యాంకుల అంకెలు పెద్దవిగా ఉండటం చూస్తూ పెరిగినవాడు అతను. ఇంట్లో తిట్టే హక్కు తండ్రికన్నా ఉందా అంటే, ఆయన రొయ్యల గుంటల మనిషి. 1990ల మొదట్లో టైగర్ రొయ్య ఈ తీరంలో మేడలు కట్టించింది. ఆ దశాబ్దం మధ్యలో తెల్లమచ్చ వైరస్ వచ్చి ఆ మేడల్ని తాకట్టు పెట్టించింది. 2009లో వనామీ రొయ్యకి అనుమతి రాగానే మళ్లీ మొదలు: కొత్త సీడు, ఇంకో రెండు ఏరియేటర్లు, మినరల్సు, ప్రోబయోటిక్సు. రొయ్య ధర కౌంటుని బట్టి. కిలోకి 30 తూగేది 100 తూగేదాని కంటే ఎంతో ఎక్కువ పలుకుతుంది. అంచేత తండ్రి రాత్రుళ్లు గట్టు మీద టార్చి లైటుతో చెక్ ట్రే ఎత్తి చూస్తూ అంకె తగ్గాలని కోరుకుంటుంటే, కొడుకు ఇంట్లో ఫోను వెలుతురులో అంకె పెరగాలని కోరుకుంటుంటాడు. ఒకే దీక్ష, దిక్కు వేరు. తండ్రి అంకెకి బ్యాంకులో విలువ ఉంది కదా అనొచ్చు. నిజమే, వైరస్ రానంత వరకూ.

ఇక రాయుడి తరఫు వాదన. అతని వకీలుని నిలబెడితే మూడు మాటలంటాడు, మూడూ గట్టివే. మొదటిది, సామాను లేనిదే తిరుగుడు లేదు; మంచుకొండ మీద మొదటి తోడేలే దేశదిమ్మరిని నమిలేస్తుంది. రెండోది, నలభై మంది కలిసి చెయ్యాల్సిన యుద్ధానికి ఒకడు పూలదండ వేసుకుని వస్తే, వాడి స్వేచ్ఛకి ముప్పైతొమ్మిది మంది కూలి కట్టాలి. మూడోది అన్నిటికన్నా ఇబ్బందైనది: గెన్‌షిన్ లాంటి ఉచిత ఆటకి డబ్బు ఎక్కణ్ణించి వస్తుంది? ఆ పాత్ర కావాలి, ఈ ఆయుధం కావాలి అని లాటరీ తిప్పేవాళ్ల జేబుల్లోంచి. దేశదిమ్మరి ఉచితంగా చూస్తున్న సూర్యాస్తమయానికి బిల్లు కట్టింది రాయుడు. ఈ మూడింటినీ ఒప్పుకోవాల్సిందే. ఒప్పుకున్నాక కూడా మిగిలే ప్రశ్న ఏమిటంటే, కొండెక్కడానికి కొన్న చెప్పులతో కొండెక్కాడా అని. నెల్లూరు రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, వీసా రొట్టె పట్టుకునేవాళ్లకి ఒక లెక్కుంది. కోరిక తీరితే మరుసటేడు వచ్చి ఆ రొట్టె ఇంకొకరికి పంచాలి. గేరు రొట్టె ఇంకా ఎవరూ పెట్టలేదు గానీ, పెట్టినా రాయుడు పట్టుకోవడానికి వస్తాడే తప్ప పంచడానికి రాడు. తీరింది అని చెప్పే రోజు ఆ ఆటలో లేదు.

పోనీ దేశదిమ్మరి నిజంగా నిర్మోహేనా అంటే, అక్కడా సందేహమే. గెన్‌షిన్‌లో ప్రతి ప్రాంతాన్నీ ఎంత శాతం చూశావో మ్యాపే చెబుతుంది. 97 దగ్గర ఆగిపోతే ఈ నిర్మోహి కూడా మిగిలిన పెట్టె కోసం రాయి రాయీ తిరగేస్తాడు. ఆ పూట అతను ముసుగేసుకున్న రాయుడే. తెర మీదే కాదు, సూళ్లూరుపేట దగ్గర నేలపట్టులో కూడా ఈ ముసుగు రాయుళ్లు చలికాలంలో దిగుతారు. 1976లో పక్షుల రక్షిత కేంద్రమైన ఆ 458 హెక్టార్లలో, చెరువులోని కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. ప్రకృతి ఒడిలో సేద తీరడానికి వచ్చామంటూనే, ఫిరంగి గొట్టాల్లాంటి లెన్సులు బిగించుకున్న పెద్దమనుషులు గూడబాతుని పక్కన పెట్టి ఒకరి లెన్సు ఇంకొకరు చూసుకుంటారు. నీది 400 ఎంఎం, నాది 600. ఇంతవరకు ఎన్ని జాతులు చూశామన్నది మరో పద్దు. ఆ ఊరివాళ్లకి లెన్సులు లేవు, పక్షి మీద కవిత్వమూ లేదు. రెట్ట కలిసిన చెరువు నీళ్లు వరికి బలమని మాత్రం తెలుసు. అందుకే పక్షుల జోలికి పోరు, పోయేవాణ్ణి ఊరుకోరు. వాళ్లదీ లాభం లెక్కే. కాకపోతే ఆ లెక్క వాళ్లు తమ పొలాన్ని చూసి వేసుకున్నది.

నా వాదనంతా ఈ చివరి ముక్కలోనే ఉంది. అంకెలో తప్పు లేదు, అది ఎవరు పెట్టిన అంకె అన్నదాన్ని బట్టి మనిషి ఏ జాతో తేలుతుంది. వార్‌క్రాఫ్ట్‌లో ఒక పాండా పాత్రధారి ఉన్నాడు. కొత్తవాళ్లు పక్షం ఎంచుకుని వెళ్లిపోవాల్సిన తొలి దీవి, అదీ ఒక మహా తాబేలు వీపు మీదిది, దాన్ని వదలనన్నాడు. ఏ పక్షంలోనూ చేరలేదు. మొక్కలు కోసుకుంటూ, గనులు తవ్వుకుంటూ 90వ లెవెల్‌కి చేరాడు. ఎంత విసుగు పుట్టించే పని! గేరు రాయుడి పట్టుదల దీని ముందు దిగదుడుపు. అయినా అతను దేశదిమ్మరుల జాతే. ఎందుకంటే ఆ పరీక్ష కంపెనీ పెట్టలేదు, గిల్డు అడగలేదు, దానికి మార్కులు వేసేవాడు లేడు. ఒకే తాబేలు వీపు మీద తిరిగిన దేశదిమ్మరి అతను.

మరి పాత లోకం మీద బెంగతో జనం అడిగి అడిగి, 2019లో వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ పేరుతో తొలినాటి ఆటని వెనక్కి తెప్పించుకున్నారు కదా, అక్కడన్నా తిరుగుడు గెలిచి ఉండాలి. 2010లో కంపెనీ పాత ఖండాల్ని తిరగరాసినప్పుడు పోయిన దారులన్నీ తిరిగొచ్చాయి. వాటిమీద మొదట పరిగెత్తినవాళ్లు రాయుళ్లే. పదిహేనేళ్లుగా పోగుపడ్డ లెక్కలు చంకన పెట్టుకుని, అప్పట్లో నెలలు పట్టిన రెయిడ్లని రోజుల్లో ముగించి, తర్వాత ఏముందని అడిగారు. దారి పాతదైనంత మాత్రాన నడిచేవాడు మారడు.

ఐతే ఇద్దరికీ పొత్తు తప్పదు. గెన్‌షిన్‌లో పాత్ర బలం పెరగాలంటే ఒక్కో ప్రాంతంలో మాత్రమే పూసే పువ్వులు తేవాలి. ఒకసారి కోస్తే మళ్లీ పూయడానికి రెండు రోజులు. కొత్త ప్రాంతం తెరుచుకున్న రోజు ఆ పువ్వెక్కడుందో రాయుడికి తెలియదు, అంతవరకూ పువ్వు అనేది ఉందని కూడా చూడలేదు. దేశదిమ్మరిని అడుగుతాడు. అతను ఉత్సాహంగా మొదలెడతాడు: విరిగిన వంతెన దాటాక కుడి పక్కన జలపాతం ఉంటుంది, దాని వెనక నుంచి ఎక్కితే ఒక ముసలావిడ చేపలు ఎండబెట్టుకుంటుంటుంది, ఆవిణ్ణి పలకరిస్తే భలే కథ చెబుతుంది, అక్కణ్ణించి సాయంత్రం వేళ కిందికి చూస్తే... రాయుడు మర్యాదస్తుడు, మధ్యలో అడ్డురాడు. అంతా విన్నాక అంటాడు: “బాగుండాది అన్నా. పిన్ను పెడతావా?”