గోడల్లేని చోటికి గోడగడియారం

వనపర్తిలో నాకొక దోస్తున్నాడు. బడిపంతులు. ఆదివారం వస్తే ఇంట్లో కాలు నిలవదు. ఒక వారం ఖిల్లా ఘనపురం గుట్ట, ఒక వారం సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డు. చైత్ర పున్నమికి సలేశ్వరం లోయ దిగకపోతే ఆ ఏడు ఏడే కాదంటాడు. ఆయనకు యాభై నిండాయని మేం పదిమందిమి కూడి చిన్న సభ పెట్టాం, కానుకలిచ్చాం. ఏమిచ్చామో చిత్తగించండి.

గోడగడియారాలు మూడు. శాలువాలు తలా ఒకటి. గాజుపెట్టెలో రెక్కలు విప్పిన ఇత్తడి నెమలి ఒకటి. హాట్‌ప్యాక్ సెట్టు ఒకటి. అన్నిటికన్నా ఘనమైనది, ప్లగ్గు పెడితే నీళ్లు పారుతున్నట్టు కదిలే జలపాతం బొమ్మ. మల్లెలతీర్థం కింద తల తడుపుకొని వచ్చిన మనిషికి కరెంటుతో పారే జలపాతం! అది కూడా మా ఊళ్లో కరెంటు ఉన్నప్పుడే పారుతుంది.

మూడు గడియారాల్లో ఒకటి నాది. ముందే ఒప్పుకుంటున్నాను. శాలువాల మధ్య కూర్చొని శాలువాలను తిట్టడం గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరడమే. అయినా ఇవాళ ఏరక తప్పదు.

ఆ మనిషికి ఇష్టమైన చోట గోడే ఉండదు. ఆయన గోడను తప్పించుకొని పోయేదే ఆదివారం. మేం పదిమందిమి ఆయన్ను మళ్లీ గోడ దగ్గరికే లాక్కొచ్చి, మేకు కొట్టుకొమ్మని చేతికిచ్చాం. పైగా నా గడియారం డయల్ మీద "బహూకరించినవారు" అని నా పేరు అంకెలకన్నా పెద్ద అక్షరాల్లో వేయించాను. టైము కనబడకపోయినా పర్వాలేదు, నేను కనబడాలి.

ఇదంతా పెళ్లిళ్లలో మైకు నేర్పిన విద్య. ఫలానావారు నూటపదహార్లు చదివించారని మైకులో వినబడితేనే మనిచ్చింది ఇచ్చినట్టు. మైకు పాడైన పెళ్లిలో కవరు జేబులోనే ఉంచుకొని భోజనం చేసి వచ్చినవాళ్లు నాకు తెలుసు. వాళ్లలోనూ నేనొకణ్ని.

ఈ రోగం నిన్నమొన్నటిది కాదు. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ నుంచి ఏలిన జటప్రోలు, మూడూ పేరుమోసిన సంస్థానాలు. పండితులను ఆదరించి గద్వాల "విద్వద్గద్వాల" అనిపించుకుంది. కవులు వచ్చేవారు, వినిపించేవారు, సత్కారాలు అందుకొని పోయేవారు. అప్పట్లో ఇచ్చినవాడికి కీర్తి దక్కేది, పుచ్చుకున్నవాడికి ఇంత బత్తెమూ దక్కేది. తర్వాత సంస్థానాలు పోయాయి, బత్తెం పోయింది, శాలువా మాత్రం మిగిలింది. పాత పాలమూరులోంచి 2016 అక్టోబర్ 11న మా మూడు జిల్లాలు పుట్టాక శాలువాలు కప్పే చేతులూ మూడింతలయ్యాయి. నలభై రెండు డిగ్రీల ఎండలో, ఫ్యాను కింద చెమటలు కారుతున్న మనిషికి, ఉన్నిలాగా కనబడే పాలిస్టరు కప్పి చప్పట్లు కొట్టే నేల ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలీదు.

గద్వాల చీరనైనా చూసి నేర్చుకోవద్దూ! పాత పద్ధతి గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రోజంతా ఒంటిమీద ఉండేది చెమట పీల్చే నూలు, నలుగురూ చూసేది జరీ. రెంటినీ పోగుపోగునా కలిపిన నేతగాడికి ఏది వాడకానికో, ఏది వేడుకకో బాగా తెలుసు. మన కానుకలో చీరే ఉండదు, వట్టి అంచే.

ఇది పాత దాత సంగతి. ఈమధ్య కొత్త దాత తయారయ్యాడు. ఈయన గడియారం ఇవ్వడు, అది నామోషీ. ఫోన్లో వేలు ఆడించి, "అడ్వెంచర్" అని రాసి ఉన్నది ఏదైనా సరే కొంటాడు. మిత్రుడు ఎక్కేది ఖిల్లా ఘనపురం. ఈయన కొనేది ఎవరెస్టుకు. మంచు మీద జారని బూట్లు. మంచన్నది ఐస్‌గోలాలో తప్ప చూడని ఊళ్లో!

ఇంకొకాయన గుడారం ఇస్తాడు. బాగానే ఉంది. ఎక్కడ వేయాలి? మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం, 2,611 చదరపు కిలోమీటర్లు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి లేనిదే రోడ్డు దిగి లోపలికి నడవడానికే వీల్లేదు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా శ్రీశైలం రోడ్డు మీద బండ్లే కదలవు. అక్కడ గుడారం వేస్తే ముందు వచ్చేది ఫారెస్టువాళ్లు. వాళ్లు రాకపోతే వచ్చేదాని గురించి చెప్పుకోకపోవడమే మంచిది.

వేరొకాయన బ్లూటూత్ స్పీకరు ఇస్తాడు. నెమలి అరుపు వినడానికి పోయినవాడి చేతికి డీజే! మరొకాయన బొగ్గుల మీద మాంసం కాల్చే ఇనుప పొయ్యి ఇస్తాడు. ఎండాకాలం నల్లమలలో ఎండుటాకు మీద ఒక్క బీడీ ముక్క పడితే గుట్టకు గుట్ట అంటుకుంటుంది. మంట ఆర్పలేక ఫారెస్టు వాచర్లు పచ్చి కొమ్మలతో బాదుతుంటే, మన దాత చికెనుకు మసాలా పట్టిస్తుంటాడు. ఇంకో మహానుభావుడు పాముకాటు పెట్టె ఇస్తాడు. అందులో బ్లేడు, విషం పీల్చే పంపు. కాటేసిన చోట కోయడం, పీల్చడం రెండూ చేయకూడదని డాక్టర్లు మొత్తుకుంటున్నారు. కాలు కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి తొందరగా చేర్చడమే వైద్యం. ఆ పెట్టె డబ్బుతో ఒక మంచి టార్చి, ఒక చేతికర్ర వస్తాయి. పామును ముందే చూడటానికి ఒకటి, నేలను తట్టే చప్పుడుతో దాన్ని పక్కకు పంపడానికి ఇంకొకటి. కానీ టార్చి ఇస్తే ఫొటోలో ఏం బాగుంటుంది?

అడవంటే ఇష్టమనే మాట కూడా ఎవరు అన్నారన్నదాన్నిబట్టి వేరువేరుగా పలుకుతుంది. అమ్రాబాద్ కోర్ ఏరియాలో పుట్టి పెరిగిన చెంచు కుటుంబం బయటికి వచ్చేయడానికి ఒక ప్యాకేజీ ఉంది. కుటుంబానికి 15 లక్షలు. పట్నంలో పుట్టినవాడు లోపలికి పోయి ఒక రాత్రి పడుకోవడానికీ ఒక ప్యాకేజీ ఉంది. సఫారీతో కలిపి. లోపలివాడు బయటికి, బయటివాడు లోపలికి. రెంటికీ మాట ఒకటే. తెలుగు బీదదని ఎవరన్నారు?

సరే, తిట్టడం తేలిక. ఏమివ్వాలో చెప్పమంటారు. చెబుతాను. కాకపోతే నా తెలివితో కాదు.

అమెరికాలో, సియాటిల్‌లో కొండలెక్కేవాళ్ల సంఘం ఒకటుంది, పేరు మౌంటెనీర్స్. వాళ్లు 1930లలో కొండకు పోయేవాడి దగ్గర తప్పక ఉండాల్సిన పది వస్తువుల చిట్టా వేశారు. పటం, దిక్సూచి, టార్చి, కత్తి, అగ్గిపెట్టె, మందులు, ఎండకు కాపు, అదనంగా తిండి, అదనంగా బట్ట, ఇలా. ప్రపంచమంతా దాన్నే వల్లిస్తుంది. ఆ చిట్టా పట్టుకొని ఒకరోజు ఖిల్లా ఘనపురం గుట్టకింద గొర్రెలు కాస్తున్న కురుమ పెద్దాయన పక్కన కూర్చొని లెక్కపెట్టాను. మొలకు కత్తి. రుమాలు మూటలో జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, మిరపకాయ తొక్కు. జేబులో అగ్గిపెట్టె, దారం, సూది. తలకు తువ్వాల. నీళ్లకు సీసా. పూర్వం సొరకాయ బుర్ర ఉండేది. చేతిలో కర్ర. పటం, దిక్సూచి ఏవని అడిగితే గుట్ట వైపు చూపించాడు.

ఇక భుజం మీద గొంగడి. దక్కనీ నల్లగొర్రె ఉన్ని వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గం మీద నేసింది. చలికి కప్పుకుంటాడు, ఎండకు నీడ చేసుకుంటాడు, ముసురుపడితే మడిచి తలమీద వేసుకుంటాడు, రాత్రి పరుచుకుంటాడు. సియాటిల్ చిట్టాలో రెండు మూడు వస్తువులు ఒక్క గొంగట్లోనే ఉన్నాయి. దాన్ని ఆయనకెవరూ సభ పెట్టి ఇవ్వలేదు. ఎవరి పేరూ దానిమీద లేదు.

అక్కడే నాకు లెక్క తెలిసింది. బయట తిరిగే దోస్తుకు ఏది కొనబోయినా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. భుజాన మోయగలడా? వాడితే అరుగుతుందా, అయిపోతుందా? ఎక్కడన్నా పోగొట్టుకుంటే ఆయనకు గుండె ఆగుతుందా? మొదటి రెంటికీ అవును, మూడోదానికి కాదు అని వస్తే కళ్లు మూసుకొని కొనండి. నా గడియారం మూడింట్లోనూ తప్పింది. మోయలేడు, అరగదు, పోగొడదామన్నా పోదు.

వందల్లోనే వచ్చేవి ఎన్ని లేవు! మంచి నూలు తువ్వాల. తలకు చుట్టుకోవచ్చు, తడిపి మెడ మీద వేసుకోవచ్చు, కాలు బెణికితే కట్టుకోవచ్చు. తలకు తగిలించుకునే లైటు, చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. ఒక ఈల. దారి తప్పినప్పుడు గొంతు పోయేలా అరవక్కర్లేదు. నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, చైత్రమాసపు ఎండలో సలేశ్వరం దిగి ఎక్కేవాడికి వాటిముందు బంగారు కడియమూ దండగే. స్టీలు నీళ్లసీసా, అభయారణ్యంలో ప్లాస్టిక్ పారేసి కోతుల నోట్లో పెట్టే పాపం తప్పుతుంది. రెండు జతల నూలు సాక్సులు. సొంత చెత్త ఇంటికి తెచ్చుకోవడానికి ఒక గుడ్డసంచి. తీపి ఏదైనా పెట్టాలనిపిస్తే గిరిజన సహకార సంస్థ అమ్మే తేనె ఒక సీసా. చెంచులు తాడు పట్టుకొని కొండచరియ అంచున వేలాడి తీసే తేనెకు పేరుపెట్టాల్సిన పనిలేదు. పదిమంది కలిసినచోట పది గడియారాల డబ్బు పోగేస్తే ఒక అసలు గొంగడి వస్తుంది. నేసిన ఇంట్లో కొంటే ఇచ్చినవాడికీ పుణ్యం, నేసినవాడికీ బువ్వ.

ఇవన్నీ పేరు వేయించడానికి చోటులేని వస్తువులు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద "బహూకరించినవారు" అని అచ్చు వేయించుకోలేం. అందుకే ఎవరూ ఇవ్వరు.

ఇంత తెలిశాక మేం మారామనుకుంటున్నారా?

మొన్న శ్రావణం ముసురులో మా పంతులు ఖిల్లా ఘనపురం గుట్ట దిగుతుంటే బండ జారి మోకాలు పట్టేసింది. గొర్రెల పెద్దాయన చూసి, చేతిలోని కర్ర ఇచ్చాడు. "పట్టుకపో సారూ, నాకింకోటి కొట్టుకుంట" అన్నాడు. వేప కర్ర. పట్టుకునే చోట ఏళ్ల తరబడి అరిగి నున్నగా ఉంది. మూడు ప్రశ్నలకూ సరిగ్గా నిలిచిన కానుక మా పంతులుకు జన్మలో అదే మొదటిది.

మా పదిమంది సంఘం కదిలిపోయింది. అటువంటి మనిషిని సన్మానించకపోతే ఎట్లా అని తీర్మానం చేసింది. తర్వాతి ఆదివారం గుట్టకింద వేపచెట్టు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసి ఆయన్ను కూర్చోబెట్టాం. తుంపర పడుతోంది. గొంగడి మీదనే శాలువా కప్పాం. ఫొటో తీశాం. ఆయన శాలువా కొస వేళ్లతో నలిపి చూశాడు.

"వాన ఆగుతదా సారూ?"

"ఆగదు పెద్దాయనా."

"చలి?"

"అంతగా ఆగదు."

"మరి దేనికిది?"

"గౌరవానికి."

"సరే తియ్" అన్నాడు. చేతిలో పెట్టిన గాజుపెట్టెను అటూ ఇటూ తిప్పాడు. "నాకు సదువు రాదు. నా పేరు రాసిన్రా దీనిమీద?"

వంగి చూశాను. సంఘం పేరుంది. అధ్యక్షుడి పేరుంది, కార్యదర్శి పేరుంది. కార్యదర్శిని నేనే. ఆయన పేరు లేదు. ఆ పేరేమిటో మాలో ఎవరమూ అడగలేదు.

నేను నోరు తెరిచేలోపే మందలోంచి సన్నగా ఒక అరుపు వినబడింది. పెద్దాయన లేచాడు. గాజుపెట్టెను కుర్చీలో పెట్టి, తడిగడ్డిలోకి నడిచి, ఆ పొద్దున్నే పుట్టిన గొర్రెపిల్లను ఎత్తుకొచ్చాడు. అది వణుకుతోంది. భుజం మీది శాలువా లాగి, దాని చుట్టూ చుట్టి, సంకలో పెట్టుకున్నాడు. కాసేపటికి వణుకు తగ్గింది.

ఇన్నేళ్లలో మేం కప్పిన శాలువాలన్నిటిలోకీ పనికొచ్చింది అదొక్కటే. ఫొటోగ్రాఫరు మాత్రం విసుక్కున్నాడు. గొర్రెపిల్ల అడ్డమొచ్చి బ్యానరు మీద కార్యదర్శి పేరు కనబడలేదట.