డెల్కో తిప్పిన వైపు

కొండపాకలో మెకానిక్ షెడ్డు ముందుకొచ్చి ఆగిన ఆ మారుతి 800 ముచ్చటగా ఉంది. వెడల్పు టైర్లు, కొత్త సైలెన్సర్. పాతికేళ్లు నిండని కుర్రాడు దిగి, బండికి చేయించినవన్నీ ఏకరువు పెట్టాడు. బాడీ సిద్దిపేటలో కొన్నాడట. ఇంజన్ ఇంట్లో మూలన పడి ఉన్నదేనట. దానికి హెడ్ కోయించి కంప్రెషన్ పెంచాడు.

"టైమింగ్ ఇంకింత అడ్వాన్స్ చెయ్ కాకా. రాజీవ్ రహదారి మీద ఒక్కడు గూడ నా ముందట ఉండొద్దు."

కాక ఏమీ అనలేదు. బోనెట్ ఎత్తి, ఇంజన్ మీద చెయ్యి ఆనించి కొంచెంసేపు అట్లాగే నిలబడ్డాడు. బండి షెడ్డు ఎత్తు ఎక్కుతున్నప్పుడే ఆయన చెవికి పట్టేసి ఉంటుంది, లోపల గోలీలు దొర్లినట్టు గలగలమన్న ఆ చప్పుడు. నాక్కూడా వినిపించింది.

పిస్టన్ పైకి చేరాక నిప్పు రాజేస్తే ఆలస్యమైపోతుంది. పెట్రోలు, గాలి కలిసి పూర్తిగా మండటానికి కొంత వ్యవధి కావాలి కదా, అందుకని పిస్టన్ పైకి రాకముందే, కొన్ని డిగ్రీల ముందుగా ప్లగ్గు నిప్పు వెయ్యాలి. అదే అడ్వాన్స్. కంప్రెషన్ పెంచిన ఇంజన్‌లో మంట తొందరగా అందుకుంటుంది కాబట్టి అడ్వాన్స్ తగ్గాలే తప్ప పెరగకూడదు. కుర్రాళ్లు పొరబడేది ఇక్కడే. నిప్పు మరీ ముందు పడితే, ఇంకా పైకొస్తున్న పిస్టన్ నెత్తి మీద దెబ్బ పడుతుంది. ఆ గలగల అదే. పట్టించుకోకుండా తోలితే చివరికి పిస్టన్‌కు బొక్క పడుతుంది. ఇప్పటి బండ్లలో ఇదంతా కంప్యూటర్ చూసుకుంటుంది. కార్బురేటర్ మారుతికి మాత్రం ప్లగ్గులకు కరెంటు పంచే డెల్కోను చేత్తో తిప్పాల్సిందే, ఆ చెయ్యి నమ్మకమైనది కావాల్సిందే.

కాక వాక్యూమ్ పైపు పీకాడు. పానాతో డెల్కో బోల్టు వదులు చేశాడు. టైమింగ్ లైటు గుర్తు మీద కొడుతూ, డెల్కోను రెండు వేళ్లతో పట్టుకుని వెంట్రుకవాసి కదిపాడు. కుర్రాడు అడిగిన వైపు కాదు, దానికి ఎదురు వైపు. నేను పక్కనే ఉండి చూశాను. ఫోన్‌లో మునిగిన కుర్రాడు చూడలేదు.

బోల్టు బిగించాక కుర్రాడు దుద్దెడ కలెక్టరేట్ దాకా ఒక రౌండు కొట్టొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"సూపర్ కాకా! పికప్ మస్తు పెరిగింది!"

అబద్ధమేం కాదు. నాకింగ్ పోయిన ఇంజన్ సాఫీగానే లాగుతుంది. అడిగిన దానికన్నా ఎక్కువే చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

"వెనక్కి తిప్పినట్టు పిల్లగానికి ఒక మాట చెప్పకపోయినవా?" అన్నాను.

"చెప్తె ఇనరు సారు. వీళ్ల నాయినకు గూడ గిట్లనే నచ్చజెప్పిన. ఇనలే. రోజూ వచ్చి సతాయిస్తుంటె, ఆఖరికి ఆయన అడిగినట్టే ముంగటికి తిప్పిచ్చిన."

"ఇంజన్ పోయిందా?"

"ఇంజన్‌కేం గాలే సారు. ఇప్పుడీ పోరడు తోలుతున్నది గదే."