పని గోలీది, పేరు పొడిది

థైరాయిడ్‌ను పొడితో మాయం చేసే మహానుభావులకు వైద్యం వచ్చో రాదో గానీ, క్యాలెండర్ చూడటం మాత్రం బ్రహ్మాండంగా వచ్చు. సూర్యాపేటలోనైనా కోదాడలోనైనా వాళ్ల షరతు ఒకటే: ‘గోలీ బంద్ చెయ్యక్కా. ఈ పొడి 21 రోజులు పరగడుపున తాగు. ఫరక్ నువ్వే చెప్తవు.’ అక్క బంద్ చేస్తుంది. పదో రోజున హుషారుగానే ఉంటుంది. పక్కింటామెకు కూడా ఒక డబ్బా తెప్పిస్తుంది.

హుషారుగా ఎందుకుండదు? అన్నాళ్లూ మింగిన థైరాక్సిన్ ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు వారం పడుతుంది. ఆ మిగిలిన దాంట్లో సగానికి ఇంకో వారం. సాగర్ ఎడమ కాలువ తూము దించిన పొద్దే మిర్యాలగూడ మడి నెర్రెలు బారదు గదా! ఆ 21 రోజులు ఏ సిద్ధుడో చెప్పిన మండలం కాదు, పాత గోలీల నిల్వ లెక్క. టీఎస్‌హెచ్ పరీక్షలో అసలు రంగు తేలాలంటే ఆరు వారాలు ఆగాలి. అప్పటికి ఒళ్లు బరువెక్కి, జుట్టు దువ్వెనకు వస్తుంటే అక్క ఫోన్ చేస్తుంది. అటునుంచి జవాబు సిద్ధం: ‘పథ్యం తప్పినవక్కా, వంకాయ తిన్నవా?’ వంకాయ వండని ఇల్లు ఈ మూడు ఊళ్లలో ఎక్కడుందో ఆయనే చూపించాలి.

ఆ అక్క గర్భిణి అయితే మాత్రం నవ్వుకోవడానికేమీ లేదు. మొదటి నెలల్లో కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే దిక్కు.

పొడితో పాటు భయం ఉచితం. ‘మన నల్లగొండ నీళ్లే నీ థైరాయిడ్‌ను మింగేసినయి’ అంటాడు. ఆ నీళ్లలోని ఫ్లోరైడ్ పళ్లనూ ఎముకలనూ ఏం చేసిందో ఈ ప్రాంతానికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ గాయాన్ని కూడా బేరానికి పెట్టడమే గొప్ప.

తర్వాత వంతు ఉప్పుది. ప్యాకెట్ ఉప్పు విషమట, సైంధవ లవణం అమృతమట. గొంతువాపు రాకుండా 1962లో ఒక జాతీయ కార్యక్రమం పెట్టి ఉప్పులో అయోడిన్ కలిపించారు. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములు. ఇంటికి చేరేసరికి ఉప్పులో కనీసం 15 పీపీఎం ఉండాలని నిబంధన. ఆ గులాబీ రాళ్లలో అయోడిన్ పేరుకే ఉంటుంది. ముందు దాన్ని తినిపించి అయోడిన్ తగ్గించడం, ఆనక సముద్రపు నాచు మాత్రలమ్మి ఎక్కించడం! అయోడిన్ ఎక్కువైనా ఈ గ్రంథి చెడుతుందని మాత్రం చెప్పడు. అలాగని ప్యాకెట్ ఉప్పు కూడా మంత్రమేమీ కాదు. ఒంటి రక్షణ దళమే గ్రంథిని కొరికే హషిమోటో రకానికి ఏ ఉప్పూ మందు కాదు.

గొంతు మీద గడ్డకైతే పసరు కట్టు. లోపల ఉన్నది ఉత్త వాపో, కణితో స్కాన్ చూడనిదే ఎవరికి తెలుసు? గొంతు బొంగురుపోతున్నా, మింగుడు పడకున్నా ‘పసరు గుంజుతున్నది’ అంటూ ఇంకో పట్టీ వేస్తాడు.

ఇందులో తమాషా ఏమంటే, 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూల్లో గాయిటర్ (గొంతువాపు) పేరు అచ్చంగా ఉంది. నయం చేస్తామని ప్రకటన ఇస్తే మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు వేయొచ్చు. చట్టానికి 70 ఏళ్లు దాటాయి, వీళ్ల పోస్టర్‌కు జిగురు ఇంకా ఆరలేదు.

డాక్టర్లూ కొంత పుణ్యం కట్టుకున్నారు. గోలీ జీవితాంతం ఎందుకో, టీకి అరగంట ముందే ఎందుకో రెండు నిమిషాలు విడమరిచి చెప్పి ఉంటే పొడికి ఇంత గిరాకీ ఉండేదా?

సరే, పొడి మీద అంత ధీమా ఉంటే ఒక పందెం. గోలీ మానిపించిన ప్రతి అక్కకూ ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ పరీక్ష చేయించండి, ఖర్చు మీదే. ఆ రిపోర్టులు పోస్టర్ మీదే అచ్చేయండి. జాగా చాలకపోతే మీ ఫోటో కొంచెం చిన్నది చేసుకోండి.